అంచు చూసి అంచనా

నా కొట్టుకి వెల అడగడానికి వచ్చేవాళ్లలో చాలామంది వెలవెలబోయి వెళ్తారు. ఒహాయో నది ఒడ్డున, మూతపడ్డ ఉక్కు మిల్లుల మధ్య పాత నాణేల కొట్టు పెట్టుకున్నవాడికి జోకులేసే నోరు లేకపోతే పూట గడవదు. వెల చెప్పేముందు ఒక జోకు, చెప్పాక ఇంకో జోకు. దెబ్బ మధ్యలో పడుతుంది.

ఆ అక్టోబరులో వెండెల్ హ్రివ్నాక్ మాత్రం నా జోకు కోసం ఆగలేదు. ట్రక్కులోంచి కాఫీ డబ్బాలు మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. బల్ల నిండితే నేల మీద పెట్టాడు.

"డెల్మార్, తలుపెయ్యవయ్యా. ఎవరైనా చూస్తారు" అన్నాడు ఆయాసపడుతూ.

"డబ్బాలు తెచ్చావు, డబ్బా కొట్టవు కదా పెద్దాయనా?"

నవ్వలేదు. మూత తీశాడు. అన్నీ పావు డాలర్లే. అన్నిటి మీదా డప్పులవాడే.

వెండెల్‌ది మెయిన్ వీధిలో నాణెం వేస్తే తిరిగే బట్టల మిషన్ల లాండ్రీ. రోజూ సాయంత్రం మిషన్ల పెట్టెలు ఖాళీ చేసి, డప్పులవాడున్న నాణేలు ఏరి పక్కన పెట్టేవాడు. నలభై ఏళ్లకు పైగా అదే పని. దేశానికి రెండొందల ఏళ్లు నిండినప్పుడు వేసిన నాణెం అది. ఒకవైపు మెడలో డప్పు, నెత్తిన మూడు మూలల టోపీ ఉన్న పాతకాలపు సిపాయి, అటువైపు 1776-1976 అని రెండు తేదీలు. రెండు తేదీలున్న నాణేన్ని ఖర్చు పెట్టడానికి మావాళ్లకి చేతులు రావు. ఈ ఊళ్లో డప్పులవాడు లేని సొరుగు లేదు. అందరి సొరుగుల్లోనూ ఉన్నది అపురూపం ఎలా అవుతుందని మాత్రం ఎవరూ అడగరు.

"బాయిలరు పగిలింది. చన్నీళ్లతో ఎవడుతుకుతాడు? అప్పిమ్మని బ్యాంకుకి పోతే వాళ్లు నన్నే ఉతికి ఆరేశారు. ఇవి అమ్మితే బాయిలరొస్తుంది. లేకపోతే లాండ్రీ పోయినట్టే. మా మేనల్లుడు ఫోన్లో చూపించాడు, ఇలాంటిదొకటి ఆరువేల డాలర్లకి పోయిందట. ఒక్కటి!"

"అంచు చూడందే అంచనా వెయ్యను" అన్నాను.

వీటిలో కొన్ని వెండి కలిపి, దాచుకునేవాళ్ల కోసం వేరే వేశారు. వాటి అంచు తెల్లగా ఉంటుంది. వాడకానికి వేసినవాటి అంచులో ఎర్రటి రాగి గీత కనిపిస్తుంది. నాణేలు పళ్లెంలో నిలువుగా పేర్చి దీపం కింద పెట్టాను. ఎరుపు. ఇంకో పళ్లెం. ఎరుపు. మిషన్లలో పడి పడి డప్పులవాడి మొహాలు అరిగిపోయాయి. వెండెల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. డబ్బాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఈయన పేరులో ఉన్నపాటి వెండి కూడా ఆ డబ్బాల్లో లేదు. ఆ జోకు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఎంత?"

"పావు డాలరు."

"అది దాని మీదే రాసుంది కదయ్యా. వెల చెప్పు."

"వెలే చెప్పాను పెద్దాయనా. కోట్లకి కోట్లు వేశారు. పావు డాలరుకి పావు డాలరే."

ఖాళీ డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"ప్రతి వేసవీ సముద్రం చూస్తానని గొడవ చేసేది అర్లీన్. డప్పులవాళ్లని పెరగనీవే అనేవాణ్ణి." కిటికీ వైపు చూపించాడు. "ట్రక్కులో కూర్చుంది. నువ్వే వెళ్లి చెప్పు. నావల్ల కాదు."

ట్రక్కులోంచి వెండెల్ భార్య అర్లీన్ నన్ను చూసి చెయ్యి ఊపింది.

అప్పుడు నా నోరు జారింది. "పోనీ, ఒక్కోటి ముప్పై సెంట్లకి నేనే తీసుకుంటాను."

వెండెల్ మెల్లగా తలెత్తాడు. "పావు డాలరుదా? ముప్పైకా?"

"ఆ."

"ధర్మసత్రం నడుపుతున్నావా?"

"ఊరికే, మీ కోసం..."

"ఊరికే ఎవడిస్తాడు! నువ్వు ముప్పైకి కొన్నావంటే అరవైకి అమ్ముతావు. అరవైకి కొన్నవాడు ఎంతకి అమ్ముతాడో! దొరికావురా డెల్మార్!"

డబ్బాలన్నీ మళ్లీ నింపుకున్నాడు. ఈల కూడా వేశాడు. నేను ట్రక్కు దాకా వెంటపడ్డాను.

"ఏమంటున్నాడు మన డెల్మార్?" అంది అర్లీన్.

"చవగ్గా కొట్టేద్దామని చూస్తున్నాడే! పద, పిట్స్‌బర్గ్ పోదాం."

"అమ్మా, ఒట్టు. వీటికేం రాదు. నిజం చెబుతున్నాను."

ఆవిడ నవ్వేసింది. "నువ్వు నిజం చెప్పడం ఈ ఊళ్లో ఎవరు విన్నారయ్యా?"

పిట్స్‌బర్గ్ వెళ్లారు, తర్వాత క్లీవ్‌లాండ్ వెళ్లారు. పెట్రోలుకీ, దారిలో తిండికీ, తిరిగొచ్చాక ఊళ్లో సరుకులకీ డబ్బాలే విప్పారని తర్వాత తెలిసింది. క్రిస్మస్ దాటేసరికి లాండ్రీ తలుపు మీద చెక్కలు కొట్టేశారు. వెండెల్ ఇప్పుడు నా కొట్టు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే అవతలి పక్కకి దాటి నడుస్తాడు.

నిన్న గుడ్లూ టోస్టూ తిని డబ్బులిస్తే, హోటల్లో వడ్డించే ట్రూడీ చిల్లర తెచ్చింది. మూడు పావు డాలర్లు. మూడింటి మీదా డప్పులవాడే.

"ఈ మధ్య ఊరంతా ఇవే. విలువుంటుందా డెల్మార్?"

ఒకటి నిలువుగా పట్టుకుని చూశాను. ఎరుపు.

"ఏమీ లేదమ్మా. ఖర్చు పెట్టెయ్యి."

"నీ మాట నమ్మాలా!" అంటూ ఆ నాణేన్ని నా చేతిలోంచి లాక్కుని, బదులు మామూలుది ఒకటి పెట్టింది. డప్పులవాణ్ణి చిల్లరలో కలపకుండా ఏప్రన్ రెండో జేబులో వేసుకుంది.