మోచేయి మీద నాలుగు వేళ్లు

ముసలమ్మ ఇసుకలో బోర్లా పడుకుని, కుడి చేయి గుంతలోకి దించి, అడుగునున్న తడి ఇసుకను గుప్పెళ్లతో పైకి తోడుతోంది. గుంత పైన సన్నగా, కింద గుండ్రంగా, కడవలాగా రావాలి. మూతి దగ్గర ఇసుక జారకుండా ఎడమ అరచేత్తో తడుతూ ఉండాలి. లోతుకు లెక్క ఒకటే: మోచేయి మునిగాక ఇంకో నాలుగు వేళ్లు. తొమ్మిదేళ్ల కిందట తాబేళ్ల సంఘం పెట్టినప్పుడు ఊరివాళ్లకు నేర్పింది అదే. ఆమె మోచేయి పైన నాలుగు వేళ్లు ఆనించి చూసుకుంది. సరిపోయింది.

పక్కన బకెట్‌తో పెంచల్ నిలబడి ఉన్నాడు. తెల్లవారకముందే ఒడ్డు వెంట నడిచి, కుక్కలూ నక్కలూ తవ్వకముందే తాబేలు గుడ్లు ఏరి తెచ్చే నలుగురిలో అతనొకడు.

"నూటపన్నెండు ఉండాయత్తా. జాగర్తగా పెట్టు. మహాలక్ష్మత్త వచ్చేదాకా తడిగుడ్డ కప్పి ఉంచుదామా అని కూడా అనుకున్నాం."

"ఉంచండి. ఒక కోడిని తెచ్చి వాటి మీద కూసోబెట్టండి."

"కోపం దేనికత్తా? ఆమె చెయ్యి అట్టాంటిది అంటుండా, అంతే."

"నా చెయ్యి ఎట్టాంటిదో నాకు తెల్సులే. బకెట్ ఆడ దించి పో."

అతను నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆమె గుడ్లను రెండేసి తీసి, పైభాగం పైకే ఉండేట్టు, ఒక్కటీ దొర్లకుండా గుంతలో పేర్చింది. ఇసుక కప్పి, ముప్పై ఒకటో నంబరు పుల్ల గుచ్చింది. చుట్టూ పాత వలల దడి, పైన తాటాకుల నీడ, వరుసగా పుల్లలు. ఇదే ఆమె పని. డిసెంబరు నుంచి మే దాకా ఇక్కడ, మిగతా నెలల్లో చేపలు ఎండేయడం. పేరుకే ముసలమ్మ, వయసు నలభై తొమ్మిది. పొట్టి మనిషి. అటక మీద గిన్నె తీయాలంటే ఇప్పటికీ పీట ఎక్కాలి.

మహాలక్ష్మి ఎక్కనక్కర్లేదు. ఆమె ముసలమ్మ బావగారి భార్య, ఆ ఇంటి పెద్దకోడలు. పొడుగ్గా, ఏ గడప దాటాలన్నా తల వంచే మనిషి. ఆమె హస్తవాసి మంచిదని ఊరంతా నమ్మకం. కోడిని పొదగేయాలంటే, "మే మహాలక్ష్మీ, గుడ్లు నువ్వొచ్చి పెట్టుమే" అని పిలుచుకుపోతారు. కరివేపాకు మొక్క ఆమే నాటాలి. కొత్త వలకు మొదటి ముడి ఆమే వేయాలి. అత్త బతికున్నప్పుడు ఇద్దరు కోడళ్లూ ఒకే రకం చేపలు, ఒకే చింతపండుతో పులుసు పెడితే, ముసలమ్మ పెట్టినదాన్లో అత్త వేలు ముంచి, "ఉప్పు సరిపోయింది" అనేది. పెద్దకోడలి పులుసు ఏమీ అనకుండా రెండోసారి వేయించుకునేది. ముప్పై ఏళ్లయినా ఆ రెండో గరిటె చప్పుడు ముసలమ్మ మరిచిపోలేదు.

గుడ్లు పొదిగించే ఈ హేచరీలో చేరినప్పుడు ఇది వేరే చోటు అనుకుంది. ఇక్కడ పులుసు లేదు, అత్త లేదు. ఇద్దరికీ ఒకే ఇసుక, ఒకే కొలత. కానీ మొదటి ఏడాదే మహాలక్ష్మి తవ్విన గుంతల్లో నూటికి తొంభై పిల్లలు లేచాయి. ముసలమ్మ గుంతల్లో అరవై దాటలేదు. రెండో ఏడూ అంతే. ఎనిమిదో ఏడూ అంతే. గుడ్లు తెచ్చినవాళ్లే కుదిపేశారని కొన్నాళ్లు చెప్పుకుంది. తర్వాత చెప్పుకోవడం మానేసింది. దడికి కట్టిన నల్లరేకు మీద గుంత నంబరు, తవ్వినవాళ్ల పేరు, లేచిన పిల్లల లెక్క సుద్దతో రాస్తారు. ఈ ఏడాది అన్నిటికన్నా పెద్ద అంకె తొంభై ఆరు. దాని పక్కన ఉన్నది మహాలక్ష్మి పేరే.

మహాలక్ష్మిని కడుపులో గడ్డని నెల్లూరు ఆస్పత్రిలో చేర్చి పదహారు రోజులైంది. అయిదు రోజుల కిందట ముసలమ్మ బత్తాయిలు పట్టుకుని చూడబోయింది. పొడుగాటి మనిషి మంచంలో సగం అయిపోయి ఉంది. ఒంట్లో ఎట్లా ఉందని అడిగితే ఎదురు ప్రశ్న వేసింది.

"నీ ఇరవైమూడో గుంట ఎప్పుడు లేస్తాది?"

"నాలుగు రోజులు పడతాదక్కా."

మహాలక్ష్మి, మంచం పట్టె మీదున్న ముసలమ్మ చేతిని కాసేపు చూసింది. ఏదో చెప్పబోయి, నీళ్లు అడిగింది. చావు మంచంలో కూడా నా లెక్కే అడుగుతోందే అని ముసలమ్మ దారి పొడుగునా బస్సులో కుతకుతలాడింది.

ఆ ఇరవైమూడో గుంత మొన్న సాయంత్రం లేచింది. పిల్లలు సముద్రంలోకి వెళ్లాయి. ఇవాళ తవ్వి, పగిలిన పెంకులూ పగలని గుడ్లూ వేరుచేసి లెక్క రాయాలి. ఎప్పుడూ ఒకరు తీస్తే ఇంకొకరు లెక్కపెడతారు. ఇవాళ ఆమె ఒక్కతే.

పెట్టినవి నూటపది. పెంకులు అరవైమూడు. మిగిలిన నలభై ఏడూ గట్టిగా, పసుపుపచ్చగా, వేడిగా చేతికి తగిలాయి. ఒక గుడ్డు చిట్లి ఉంది. లోపల పిల్ల తెడ్డుల్లాంటి కాళ్లతో సహా తయారై, అట్లాగే ఎండిపోయింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. ఇసుక కూడా పెద్దకోడలి పక్షమేనా?

తర్వాత ఆమె గబగబా లేచి గోనెసంచి తెచ్చింది. పగలని గుడ్లలో ముప్పై నాలుగు లెక్కపెట్టి సంచిలో వేసింది. సరుగుడు తోపులోకి తీసుకుపోయి పూడ్చింది. పదమూడు మాత్రం గుంత పక్కన వదిలింది. రేకు మీద తన పేరుకు ఎదురుగా తొంభై ఏడు రాసింది. వందకు పైన రాయొచ్చు. కానీ ఒక్కటి ఎక్కువుంటే చాలనిపించింది.

పది గంటలకు సంఘం తరఫున లెక్కలు చూసే సుశీల్ కుమార్ బండి మీద వచ్చాడు.

"తొంభై ఏడా! ఏందక్కా ఇది! నీ చెయ్యి కూడా తిరిగిందే!"

"తిరక్కూడదా?"

"అయ్యో, ఆ మాటనలేదక్కా. రేకు పక్కన నిలబడు, ఫొటో తీస్తా. కొంచెం నవ్వు. పండగ కాదా నీకు?"

ఆమె కొంగు సర్దుకుని నిలబడింది. నవ్వు రాలేదు.

"మహాలక్ష్మక్కకు చూపిస్తే సంతోషిస్తాది. తోడుగా ఉన్న కూతురు బిందు ఫోనుకు పంపుతా."

"పంపు" అంది ముసలమ్మ. "ఇప్పుడే పంపు, నా ముందర."

అతను పంపి ఫోను ఆమెకు చూపించాడు. "ఇంకా చూడలా. చూస్తే నీలం గీతలు పడతాయిలే."

అతను వెళ్లాక కూడా ఆమె ఆ నీలం గీతల గురించే ఆలోచించింది. మంచంలో మహాలక్ష్మి ఫోను దగ్గరగా పట్టుకుని, ఆ అంకె చూసి, మొహం తిప్పుకోవడం మళ్లీ మళ్లీ ఊహించుకుంది. ఆ ముఖాన్ని ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు.

ఎండ నడినెత్తికి ఎక్కకముందే బిందు వచ్చింది. మహాలక్ష్మి కూతురు, గూడూరులో మందుల షాపులో పనిచేస్తుంది. చెప్పులు దడి బయట వదిలి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో నిలబడింది. చేతిలో మూరన్నర పొడుగు వెదురు కట్టె ఉంది.

"అమ్మ తెల్లారి పోయింది చిన్నమ్మా. నాన్నోళ్లు తీసుకొస్తా ఉన్నారు. ఇల్లు ఊడవమని నన్ను ముందు పంపించినారు."

ముసలమ్మ దడి దగ్గరికి వచ్చింది. బిందు కట్టె ముందుకు చాపింది.

"ఇది నీకియ్యమంది. నిన్న సాయంత్రం బాగానే మాట్లాడింది. వంటింటి అటక మీద కట్టె ఉండాది, ఇంటికి పోంగానే మొదట అది చిన్నమ్మకియ్యి అనింది. ఇంకమీద చేత్తో కొలవొద్దంట. నీ చెయ్యి పొట్టి, గుంట ఎప్పుడూ బెత్తెడు తక్కువ పడతాదంట. పైన ఇసుక కాలి గుడ్లు ఉడికిపోతాయంట. ఈ గాటు దాకా తవ్వమనింది."

"ఎప్పుడు చేసింది ఇది?"

"నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు. ఏడేళ్లయింది. నేను ముట్టుకుంటే తిట్టేది." బిందు కళ్లు తుడుచుకుంది. "నేను పోతా చిన్నమ్మా. నువ్వు రా."

ఆ పిల్ల వెళ్లాక ముసలమ్మ కట్టెను తన చేతి పక్కన పెట్టుకుంది. వేళ్ల కొసలు కలిపి చూస్తే, మోచేయి దాటి, నాలుగు వేళ్లూ దాటి, ఇంకా పైన ఉంది గాటు.

ఏడేళ్లు. ఏడేళ్లు తెలిసే ఊరుకుంది. తన గుంతలో నలభై గుడ్లు ఎండిపోతుంటే పక్కన కూర్చుని లెక్కపెట్టింది. "నీ హస్తవాసి అంతేలేమే, బాధపడబాక" అని వీపు నిమిరింది. ముసలమ్మకు ఒళ్లు మండిపోయింది. ఈ క్షణమే ఎదురుపడితే జుట్టు పట్టుకుని అడగాలనుంది. అత్తా నీకే, ఊరూ నీకే, నా గుంతలు కూడా నీకే కావాల్సి వచ్చాయా అని. అడగడానికి మనిషి లేదు. రేకు మీద తొంభై ఏడు చూడడానికీ లేదు. తనకన్నా అన్నిట్లో పైనున్న మనిషి, ఆ పైన ఉండడం కోసం ఒక కట్టెను అటక మీద దాచుకుని బతికిందా? ఆ సంగతి ముందే తెలిసుంటే ఆమెతో కలిసి నవ్వేదేమో, లేకపోతే ఇంకా గట్టిగా పోట్లాడేదేమో. ముసలమ్మకు తెలియలేదు.

పొద్దు చూసింది. ఇంకా మధ్యాహ్నం కాలేదు. పొద్దున పెట్టిన గుడ్లను మధ్యాహ్నంలోపు కదిలించవచ్చు. ఆ తర్వాత ముట్టుకుంటే లోపల పిల్ల చస్తుంది. ఆమె ముప్పై ఒకటో పుల్ల పీకి, ఇసుక తోడి, నూటపన్నెండు గుడ్లనూ ఒక్కటీ దొర్లకుండా తడిగుడ్డ పరిచిన బకెట్లోకి తీసింది. మళ్లీ బోర్లా పడుకుంది. ఈసారి చెంప ఇసుకకు ఆనేదాకా చేయి దించాల్సి వచ్చింది. వేళ్లు ఎన్నడూ తగలని చోట తగిలాయి. అక్కడ ఇసుక చల్లగా ఉంది.

కట్టె దించి చూసింది. గాటు సరిగ్గా నేలకు సమంగా నిలిచింది.

గుడ్లు పేర్చడం పూర్తవుతుండగా రోడ్డు మీద ఆంబులెన్స్ ఆగిన చప్పుడు, వెంటనే ఆడవాళ్ల ఏడుపు వినిపించాయి. "మే ముసలమ్మా, మీ అక్కొచ్చిందిమే!" అని ఎవరో దడి బయట నుంచి అరిచారు. ఆమె తొందరపడలేదు. ఇసుక కప్పి, అరచేత్తో తట్టి, పుల్ల గుచ్చి లేచింది. మోకాళ్లకంటిన ఇసుకతోనే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊళ్లోకి నడిచింది.

తాటాకుల నీడలో, దడికి చేర్చి నిలబెట్టిన కట్టె మిగిలింది. వంటింటి పొగకు కొసనుంచి కొసకు నల్లబడి ఉంది. ముసలమ్మ పట్టుకున్న చోట మాత్రం మసి తుడుచుకుపోయి, కిందనున్న వెదురు నాలుగు వేళ్ల మేర పసుపుపచ్చగా కనిపిస్తోంది.