మహేంద్రగిరికి మూట

పంతొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం శివరాత్రికి తాను మహేంద్రగిరి ఎక్కుతానని జగ్గమ్మ చెప్పేసరికి, గంగులు చుట్ట పీల్చడం మరిచిపోయాడు.

ఆ కొండకి అతను ఏడుసార్లు వెళ్లొచ్చాడు. మబ్బులు కాళ్లకింద పోతాయని, గుడిరాళ్లు ఏనుగులంతేసి ఉంటాయని వచ్చినప్పుడల్లా వర్ణించేవాడు. మంచాన పడ్డ అత్తగారిని వదిలి జగ్గమ్మ ఎప్పుడూ కదల్లేకపోయింది. ఆవిడ నిరుడు పోయింది. తీరా ఈ ఏడు వరికోతల్లో గంగులు బండిమీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. కుంటుతూ నడుస్తాడు గానీ కొండ ఎక్కలేడు.

"నువ్వు రానేకపోతే ఏటి మావా? జోగయ్యన్నోళ్లతో ఎల్తాను. ఆడోళ్లం నలుగురం ఉన్నాం."

"ఆరు రోజుల నడకే. టెక్కలి సంతకెల్లొస్తేనే కాళ్లు పిసకమంటావు!"

"పిసుకుతన్నావు గదా మరి!"

గంగులు నవ్వాపుకోలేకపోయాడు. మర్నాటినుంచీ ఆమె ప్రయాణం అతని పనే అయిపోయింది. రోజూ పొద్దున్నే మూటలో ధాన్యం కట్టి ఆమె నెత్తికెత్తి, ఊరి వెనక మెట్ట ఎక్కించేవాడు. తాను కింద రాయిమీద కూర్చుని, "మెల్లగా! ఊపిరి సూసుకో!" అని కేకలు పెట్టేవాడు.

ఆమె కట్టుకున్న మూట విప్పి చూసి తల పట్టుకున్నాడు. ఉలవలు, ఆవకాయ జాడీ, రెండు చెంబులు, మూడు కోకలు.

"రుబ్బురోలు మర్సిపోనావే!"

చివరికి అటుకులు, బెల్లం, బియ్యం, చింతపండు, కంబళి, ఒక కోక, ఒక చెంబు మిగిలాయి.

ఎల్లాజీ కుట్టిన కొత్త చెప్పులు ఆమె కాళ్లు కరిచాయి. గంగులు వాటికి ఆముదం రాసి, తనే తొడుక్కుని వీధిలో తిరగసాగాడు. మడమలు సగం బయటికి వేలాడుతుంటే, కర్ర పట్టుకుని కుంటుతూ వస్తున్న అతన్ని చూసి పక్కింటి తాతమ్మ పడీపడీ నవ్వింది.

"ఏట్రా గంగులూ, పెళ్లాం సెప్పులా?"

"దాని కాళ్లు మెత్తన పిన్నీ. కరిస్తే నా కాళ్లే కరవనీ."

లోపల వింటున్న జగ్గమ్మ ఆ పూట అతనికి ఇష్టమని ఎండుచేపల పులుసు పెట్టింది.

బయల్దేరే ముందురోజు సాయంత్రం గంగులు వాకిట్లో ఇసక పోసి, పుల్లతో దారి గీశాడు. మందస దాటాక మొదటి గెడ్డ, ఆ వాగు దగ్గర్నుంచి ఎడమ పక్క. రెండో గెడ్డలోనే నీళ్లు తాగాలి, పైన దొరకవు. ఆమె పాఠంలా అప్పజెప్పింది.

"మరి కొండమీద?"

గంగులు పుల్ల పక్కన పెట్టాడు. "అక్కడేటుంటాదో ఈసారి నువ్వే సూసొచ్చి నాకు సెప్పాల."

జగ్గమ్మ కళ్లు చెమర్చాయి. "నాను పడిపోతానని బయవేస్తన్నాది గదా నీకు?"

"ఏస్తన్నాది. అయినా ఎల్లు."

తెల్లారాక గుంపుతో పాటు అతనూ నడిచాడు. ఊరి పొలిమేరలో ఆగిపొమ్మంది, ఆగలేదు. కాలవగట్టు దగ్గర మళ్లీ పొమ్మంది. మూడో ఊరు వచ్చేసరికి జగ్గమ్మ మూట దించి, నడుంమీద చెయ్యేసుకుని నిలబడింది.

"గేదెకి కుడితెవుడు పెడతాడు మావా? బేగి ఎల్లు!"

జోగయ్యతో పాటు అందరూ గొల్లున నవ్వారు. గంగులు మూట ఎత్తి ఆమె నెత్తిన పెట్టి, ముడి ఇంకోసారి లాగి చూసి, ఇంటిదారి పట్టాడు.