సిరా తిన్న పేరు

అక్టోబరు చివరి మంగళవారంనాడు, నదిమీది తెల్లబాతులు దక్షిణానికి లేచిపోయిన మర్నాడు, అల్ఫెడా వెజినా నా గది తలుపు తట్టింది. ఒక చేతిలో గుడ్డ కట్టిన బఠాణీల సూపు గిన్నె, చంకలో గట్టి అట్టల కవరు. నాకంటె రెండేళ్లు చిన్నది, డెబ్బయితొమ్మిదేళ్ల మనిషి. చూపు నడుమ మచ్చ పడి పెరుగుతున్నది. వసంతం వచ్చేసరికి అక్షరాలు పోల్చుకునే శక్తి మిగలదని వైద్యుడు చెప్పి ఉన్నాడు.

"సూపు తర్వాత తాగుదురుగాని ఫాదరూ, ముందిది చదవండి. రికార్డుల కచేరీ వాళ్లు పంపించారు."

"ఏమిటది?"

"మా పెరీన్ అవ్వ పెళ్లి కాగితం. కొత్తగా ఫొటోలు తీయించా. ఆ రాత నాకేం తెలుస్తుంది, కోడి గీకినట్టుంది. వాళ్లమ్మ మతురీన్ పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించండి. కళ్లు పోకముందే ఒక్కసారి చూసుకుంటా."

పెరీన్ బోదిషోన్ పదహారువందల అరవైతొమ్మిదిలో పారిస్ నుంచి రాజుగారి ఖర్చుమీద ఓడెక్కి, ఇక్కడి వలసదారులను పెళ్లాడడానికి ఈ ఒడ్డుకు వచ్చిన అనాథ కన్యలలో ఒకతె. మా దేశంలో తండ్రుల వంశాన్ని ఇంటిపేరే మోసుకొస్తుంది. తల్లుల వంశం తరానికొక ఇంటిపేరులోకి మారిపోతుంది కనుక పెళ్లి తరువాత పెళ్లిగా వెనక్కు నడవవలసిందే. ముప్పైయారేళ్ల వయసులో నేను అల్ఫెడా కోసం అలా నడిచాను. పెరీన్ దగ్గర దారి దాదాపు తెగింది. ఆమె జ్ఞానస్నానం పొందిన పారిస్ నగరపు చర్చి రిజిస్టరు పుస్తకాలన్నీ ఒక తిరుగుబాటు మంటల్లో బూడిదైపోయాయి. ఆమె తల్లి పేరుకు మిగిలిన ఒకే ఆధారం ఈ పెళ్లి ఒప్పందం. కచేరీవాళ్లు తీసి ఉంచిన దాని పాత ఫిల్ములో నేను "మతురీన్ లాబే" అని చదివాను. నేను కూర్చిన వంశావళి పుస్తకంలో అచ్చువేశాను.

అప్పుడు అల్ఫెడా నిండు చూలాలు. పుట్టిన ఆడపిల్లకు మతురీన్ అని పేరు పెట్టుకున్నది. జ్ఞానస్నానపు నీళ్లు నేనే పోశాను. పంతొమ్మిదో ఏట ఆ పిల్ల గడ్డకట్టిన నదిని నడిచి దాటుతుండగా కాలికింద మంచు విరిగింది.

ఆ ఏటినుంచి ప్రతి మృతుల స్మరణ దినానికీ అల్ఫెడా నాకొక కవరు పంపేది. అందులో పన్నెండు పేర్లు: మొదట మతురీన్ లాబే, చివర తన కూతురు మతురీన్. "క్రిస్మస్ ముందు ప్రభువు తండ్రుల వరుస అంత పొడుగునా చదువుతారు కదా, నా తల్లుల వరుస చదివితే మీ నోరేమైనా అరిగిపోతుందా?" అన్నది మొదటి ఏడు. తనకు కింద ఇక ఎవరూ లేరు. పైన ఉన్నవారిని పట్టుకుని నిలబడింది. ఇరవైయారేళ్లుగా బలిపీఠం ముందు నేను ఆ పేర్లు చదువుతున్నాను.

ఫొటోను కిటికీ వెలుగులో పెట్టాను. ఈసారి ఎవరో శ్రద్ధగలవారు కాగితం వెనుక తెల్లని అట్ట ఉంచి తీశారు. "తండ్రి కీర్తిశేషుడు గిల్ బోదిషోన్, తల్లి" అన్నచోట మాట ఆగింది. తరువాత అంచులు మాడినట్టున్న చిల్లు. అందులోంచి తెల్లని అట్ట.

అల్ఫెడా నా వేలివైపే చూస్తున్నది. ఏ గీతమీద పెట్టినా నమ్మేది. నా వేలు కాగితం దాకా వెళ్లింది కూడా. అబద్ధ సాక్ష్యం పలుకరాదని అరవై ఏళ్లుగా పిల్లలకు నేర్పిన నోరు నాది. వేలు వెనక్కు తీసుకున్నాను.

"ఇక్కడ పేరు లేదు అల్ఫెడా. చిల్లుంది."

"చిల్లేమిటి?"

"ఆ కాలపు సిరాలో ఇనుముండేది. ముద్దగా పడ్డచోట కాగితాన్ని మెల్లగా తినేస్తుంది. పెరీన్ తల్లి పేరు రాశారమ్మా. రాసిన సిరాయే దాన్ని తినేసింది. పాత ఫిల్ములో ఈ చిల్లులోంచి కింది కాగితంలో మాటలు కనపడ్డాయి. నేను చదివింది అవి."

"మరి మతురీన్ ఎవరు?"

రెండో ఫొటో ఆ కింది కాగితానిదే. చదివాను. "మతురీన్ లాబే, విధవరాలు. చూడితో ఉన్న ఒక ఎర్రావును పొరుగువాడికి అమ్మింది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు.

"ఇరవైయారేళ్లు ఆవునమ్ముకున్నదాని ఆత్మకి పూజలు చేయించానా? ఈపాటికి ఆవు కూడా మోక్షానికి పోయుంటుంది!"

"ప్రార్థన ఎన్నడూ వృథా పోదమ్మా..."

"అది ప్రసంగానికి దాచుకోండి ఫాదరూ. నా పిల్లకి పేరు పెట్టుకున్నా. ఆ చిల్లు తీసుకొచ్చి నా పిల్లకి పెట్టుకున్నా."

ఆమె కోటు గుండీలు తడిమి పెట్టుకుంటూ అడిగింది: "మిగతా పదిమంది? వాళ్లనీ చదివింది మీరేగా?"

"వాళ్లందరూ నిజమే."

"అప్పుడూ ఈ గొంతుతోనే చెప్పారు."

మూడు రోజులు కూర్చుని పది పెళ్లిళ్లనూ మళ్లీ సరిచూశాను. ఒక్క తప్పు లేదు. నకళ్లు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్తే, పొయ్యిమీద గోధుమరొట్టె తిప్పుతూ వాటిని తాకనైనా తాకలేదు. "నమ్మాలనే ఉంది ఫాదరూ. రావట్లేదు. కూర్చోండి, రొట్టె తిని వెళ్లండి" అన్నది. తిన్నాను.

స్మరణ దినం ఉదయం తొలి మంచు పడింది. ఎప్పటిలాగే కవరు వచ్చి బలిపీఠం మీద ఉన్నది. విప్పాను. చూపు ఆననివారు రాసే పెద్ద పెద్ద అక్షరాలలో ఒకే పేరు. దాని కింద: "ఈ మతురీన్ నాకు తెలుసు. నేను కన్నాను."

చదివాను. పాత అలవాటున నా నోరు తరువాతి పేరుకోసం తెరుచుకునే ఉన్నది. జనం వేచి ఉన్నారు. చెరిగిపోయిన పేర్లు దేవునికి తెలుసునని ఎన్ని సమాధుల దగ్గర ఎందరికి చెప్పానో. ఆనాడు నాకు నేను చెప్పుకోలేకపోయాను. అల్ఫెడా మూడో వరుసలో, నా ముఖం కనబడని కళ్లతో, నావైపే చూస్తూ కూర్చున్నది. నేను కాగితం మడిచాను.