కూలర్ చెప్పులు

మా ఇంట్లో గడప దాటి లోపలికి వచ్చే హక్కున్న చెప్పులు ఒకే ఒక్క జత. నీలం రంగు రబ్బరువి. కూలర్ పక్కనే ఉంటాయి. ఎంత దగ్గరి చుట్టాలొచ్చినా చెప్పులు వాకిట్లోనే విప్పించే మా అత్తమ్మ రాజక్క ఆ జతను మాత్రం ఏమీ అనదు. ఎందుకంటే కూలర్‌ను ముట్టుకుంటే షాక్ కొడుతుంది. నీళ్లు పోయాలంటే చెప్పులు వేసుకోవాలి. నేను కాపురానికి వచ్చిన మొదటి ఎండాకాలమే ఈ సంగతి చెప్పారు, పప్పులో ఉప్పెంత వేయాలో చెప్పినంత మామూలుగా.

అప్పట్లో కూలర్ వేస్తే మాటిమాటికీ మీటరు దగ్గరి ట్రిప్ స్విచ్ పడిపోయి ఇల్లంతా కరెంటు పోయేది. కిందటేడు మా ఆయన శేఖర్ ఆ స్విచ్చే చెడిపోయిందని తీర్మానించి, దాన్ని తప్పించి డైరెక్ట్‌గా తీగ కలిపించాడు. ఇక కరెంటు పోలేదు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. నేను కూడా. ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఈ ఏడు మా పాప పూజకు పది నెలలు నిండాయి. మంగళవారం మంచం కోడు పట్టుకుని లేచి నిలబడింది. అత్తమ్మ మురిసిపోయింది. నాకు గుండె దడ మొదలైంది. బుధవారం కుర్చీ పట్టుకుంది. గురువారం బీరువా. బీరువా పక్కన ఉన్నది కూలరే.

ఇక నా ప్రాణం నా దగ్గర లేదు. కూర మాడబెట్టాను. స్నానానికి వెళ్తే రెండు చెంబులు గుమ్మరించుకుని పరుగెత్తుకొచ్చాను.

"కూలర్ బంద్ చేద్దాం అత్తమ్మా," అన్నాను.

"గింత ఎండల పిల్ల ఉడికిపోదా బిడ్డా? చెప్పులున్నయి గద."

"పిల్లకు ఏ సైజువి తేవాలె?"



శుక్రవారం శేఖర్ ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పనికి వెళ్లగానే, ఎలక్ట్రీషియన్ లక్ష్మీనారాయణను పిలిపించాను. అతను కూలర్‌కు టెస్టర్ ఆనించి, అందులో వెలిగిన దీపం నాకు చూపించాడు.

"స్విచ్ ఖరాబ్ కాలేదక్కా. కరెంట్ బయటికి కారుతాందని అది మొత్తుకుంటాంటే మీరు దాని నోరు మూసిండ్రు."

స్విచ్‌ను మళ్లీ కలిపి కూలర్ వేశాడు. టక్కుమని ఇల్లంతా కరెంటు పోయింది. కూలర్ ప్లగ్ ఊడదీసి, స్విచ్ పైకి లేపాడు.

"మోటర్ మార్చి, ఎర్త్ తీగ గుంజాలె. సామాను తీస్కోని ఎల్లుండి వస్త. అందాక ప్లగ్ పెట్టకుండ్రి."

సాయంత్రం శేఖర్ మార్కెట్ మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ వచ్చాడు. ఇల్లు కుంపటిలా ఉంది. నేను చెప్పింది విని, స్విచ్‌ను మళ్లీ తప్పించడానికి నేరుగా స్క్రూడ్రైవర్ తీశాడు.

"రెండు దినాలు ఎట్ల పండాలె? అమ్మకు ఆయాసం. జరంత సోయి ఉన్నదా నీకు?"

అత్తమ్మ ఆయాసం అబద్ధం కాదు. విసనకర్ర పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెను చూస్తే నాకూ బాధేసింది. అయినా తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"సరే, డైరెక్ట్ చెయ్. కూలర్ ఏసినంక, వట్టి కాళ్లతోని దాని మీద ఒక్కపారి చెయ్యి పెట్టి చూపియ్. ఇగ నేను మాట్లాడ."

"పిచ్చి లేసిందా నీకు? షాక్ కొట్టి చస్త."

అనేశాక తనే ఆగిపోయాడు.

అంతలో పూజ బీరువా వదిలేసి పక్కకు అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. కూలర్ నీళ్లకు తడి ఆరని నేల మీద వట్టి పాదాలతో నిలబడి, రెండు చేతులూ కూలర్‌కు ఆనించి, మా వైపు తిరిగి నవ్వింది.

ప్లగ్ తీసి ఉందని నాకు తెలుసు. అయినా నా ఊపిరి ఆగింది. శేఖర్‌కు ఆ క్షణంలో అది తట్టలేదు. స్క్రూడ్రైవర్ పారేసి, ఒక్క అంగలో వెళ్లి పిల్లను లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. ఆ కంగారుకు పూజ ఏడుపు అందుకుంది.

"ప్లగ్ లేదు," అన్నాను.

అతను వేలాడుతున్న తీగను చూశాడు. తర్వాత కిందికి, తన వట్టి కాళ్ల వైపు చూసుకున్నాడు. పిల్లను కిందికి దించలేదు.

అత్తమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచింది. ఆ నీలం చెప్పులు రెండూ తీసుకెళ్లి వాకిట్లో పారేసి వచ్చింది.