జనరల్ చాల్లే

ఆ పొద్దు మబ్బులు అహోబిలం కొండల మీంచి ఆళ్లగడ్డ దాకా వచ్చి, ఒక్క చినుకన్నా రాల్చకుండా నంద్యాల దిక్కు పోయినాయి. బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఏ లెక్కలో తేల్చే రోజది. కాంపోజిట్ లెక్కలు చదివినోళ్లకే రేపు నంద్యాల కాలేజీలో లెక్కల గ్రూపు. జనరల్ చదివితే ఆ గడప తొక్కేది లేదు. ఎవరికి ఏ లెక్కలని రాసేది తరగతి అయ్యవారు యోబు.

పాతికేండ్ల కిందట ఇదే బడిలో ఆ రాత లెక్కల అయ్యవారు ఆదినారాయణ చేతిలో ఉండేది. చర్చి వీధి పిల్లలను అడిగిన పాపాన పోలేదు. "మీకు జనరల్ చాల్లేరా" అని అందరికీ అదే రాసేసినాడు. ఆ వీధి పిల్లోడే యోబు, లెక్కల్లో బడికే మొదటోడు. నంద్యాల కాలేజీలో గుమాస్తా "నీకు లెక్కలు రావు పో" అన్నప్పుడు, తిరుగు బస్సులో పండ్లు నూరుకుంటానే వచ్చినాడు. ఆనక సోషల్ చదివి, అదే బడిలో అయ్యవారై, కాచుకున్నాడు.

ఇన్నాళ్లకు ఆదినారాయణ మనవరాలు మహాలక్ష్మి తొమ్మిదికొచ్చింది. లెక్కలంటే ప్రాణం ఆ పిల్లకు. అదే తరగతిలో యోబు కూతురు లూదియాకు జోడు. ముసలాయన తానే మనవరాల్ని వెంటబెట్టుకొచ్చినాడు.

"పిల్లకు జనరల్ చాల్లే సార్." యోబు ఒక్కో మాటా నమిలి నమిలి అన్నాడు. ముసలాయన మొహం మాడిపోతుందని కండ్లార్పకుండా చూసినాడు.

"అట్లే రాయప్పా. ఆడపిల్లకు ఆ కష్టమంతా ఎందుకు? నీకూ నేనే గదా జనరల్ రాస్తి. ఏం తక్కువాయె? నీడపట్టున కుర్చీలో కూచోనుండావు."

యోబుకు ఒళ్లు మండింది.

"సార్, నాకు కాంపోజిట్..." అంది మహాలక్ష్మి.

"మీ తాత చెప్పె గదా." కాగితం చిరిగేటట్టు రాసినాడు.

మరునాడు హెడ్మాస్టరు పిలిపించినాడు. "కాంపోజిట్‌కు పదిమంది లేందే సెక్షన్ ఇయ్యరు యోబూ. ఒకరు తక్కువైనారు. ఈ ఏడు అందరికీ జనరలే."

"మా లూదియాకు సార్?"

"అందరికీ అంటే మీ లూదియాను పక్కనబెట్టా? మధ్యాన్నం లోపల ఇంకొకర్ని చూడు."

నంద్యాలలో ఉంచి చదివించుదామంటే ఆడ తమ మనిషంటూ లేడు. యోబు నేరుగా ఆదినారాయణ ఇంటికి పోయి అరుగు కింద నిలబడినాడు.

"మహాలక్ష్మికి కాంపోజిట్ రాస్తా సార్. తెలివైన పిల్ల."

"నిన్న చాల్లే అంటివి. రాత్రికి రాత్రే తెలివొచ్చెనా దానికి?" ముసలాయన నవ్వినాడు. "జనరల్ పుస్తకాలు గూడా తెచ్చిపెట్టినా. పోప్పా, ఎండన పడి వచ్చినావు."

తలుపు వెనక నుంచి మహాలక్ష్మి చూస్తాంది. యోబు ఆ పక్కకు తలెత్తలేదు.

ఇంటికొచ్చేసరికి మధ్యాన్నం దాటింది. లూదియా వాకిట్లోనే ఉంది.

"నాయనా, మహాలక్ష్మికి జనరల్ చాలన్నది నువ్వేనంట?"

యోబు కాళ్లు కడుక్కున్నాడు.

"ఆమేం చేసింది నిన్ను?"

పెండ్లాం సారమ్మ సంగటి పెట్టి పప్పు పోసింది. లూదియా తండ్రికి ఎదురుగ్గా కూచుని, ముద్ద చిదుముకుంటా తలెత్తి చూసింది. ఆ చూపు ఏండ్లయినా ఆరదని యోబుకు తెలుసు.