సూపర్ థర్మల్ రెండో క్యాసెట్

దసరాకు చీర కొన్నవాళ్లకు కొడుకు పాటల క్యాసెట్ ఉచితంగా ఇవ్వాలన్న ఆలోచన సరోజదే. చంద్రపూర్ బజారులో మిగతా బట్టల దుకాణాలు సబ్బుపెట్టెలూ స్టీలు గిన్నెలూ ఇస్తుంటాయి. పోయిన ఏడు మాత్రం సరోజ దుకాణానిదే పైచేయి అయింది. శ్రేయస్ స్నేహితులతో పెట్టుకున్న రాక్ బ్యాండ్ పేరు, ఊళ్లోని కరెంటు కేంద్రం పేరు మీదుగా, 'సూపర్ థర్మల్'. దాని మొదటి క్యాసెట్ కోసం చీర అక్కర్లేనివాళ్లు కూడా చీరలు కొన్నారు. పాట మొదలైతే మంచం మీది ముసలమ్మ కూడా ఎగురుతోందని చెప్పుకున్నారు. ఎగిరేలా చేసేది బ్యాండులో దత్తు వాయించే డ్రమ్స్ అన్న సంగతి ఎవరికీ తట్టలేదు, ఆ మంచాలకు తప్ప.

ఈ ఏడు శ్రేయస్ నాగపూర్ నుంచి కీబోర్డు తెచ్చాడు. బటన్ నొక్కితే తాళం అదే వేస్తుంది.

"నువ్వు గిప్పుడు చప్పట్లు కొడితె చాలు," అన్నాడు దత్తుతో.

దత్తు డ్రమ్స్ పుల్లలు చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు. మళ్లీ రాలేదు. శ్రేయస్ పిలవనూ లేదు.

రెండో క్యాసెట్ వచ్చింది. అట్ట మీద బ్యాండ్ అంతా నల్లకళ్లద్దాలు పెట్టుకుని బొగ్గుగని ముందు నిలబడింది. పాటలు వింటుంటే సరోజకు, కదిలిపోతున్న బస్సు వెంట కొడుకు చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తుతున్నట్టు అనిపించింది. ఆ తాళం ఎక్కడా ఆగదు, ఎవరి కోసమూ చూడదు. వాడు ఊపిరి తీసుకునేలోపే తర్వాతి చరణం వచ్చి పడుతుంది.

"ఎట్లుందమ్మా?"

"మంచిగుంది బిడ్డా," అంది, చీరలు మడతపెడుతూ.

కొన్నవాళ్లకు ఆ మొహమాటం లేదు. "సరోజమ్మా, గీ క్యాసెట్ నువ్వే ఉంచుకో, నాకు సబ్బుపెట్టె ఇయ్యి," అంటూ ఒక్కొక్కరే తిరిగొచ్చారు. సరోజ గుట్టుగా సబ్బుపెట్టెలు తెప్పించి వాళ్ల చేతిలో పెట్టింది. క్యాసెట్లను పట్టుచీరల బీరువాలోకి తోసేసింది. ఖాళీ అయిన అట్టపెట్టెలు చూసి శ్రేయస్ అన్నీ ఊళ్లోకి పోయాయనుకున్నాడు.

ఒక పొద్దున సంచి భుజాన వేసుకుని దుకాణానికి వచ్చాడు.

"అమ్మా, నాగపూర్ పోతున్న. ఇంకో వెయ్యి కొట్టించుకొస్త. ఏక్‌దం భారీ చాల్లంయ్, మస్తు పోతున్నయ్!"

వెయ్యి క్యాసెట్లు పట్టే బీరువా సరోజ దగ్గర లేదు. నిజం చెబితే వాడు పాటే మానేసి గల్లా దగ్గర మూగగా కూర్చుంటాడు. చెప్పకపోతే ఊరంతా నవ్వుతుంది. ఎలాగో నోరు తెరవబోయేసరికి దత్తు తల్లి రాజక్క మెట్లెక్కి వచ్చింది.

"ఇంకో క్యాసెట్ ఉందా సరోజమ్మా? మాది అరిగిపోయింది."

శ్రేయస్ మొహం వెలిగిపోయింది. "చూసినవా అమ్మా, దత్తు సుత ఇంటుండు!"

"ఇనుడా? తిట్టుడు! 'అరె, ఈడ ఆగాలె, ఈడ ఉరకాలె' అనుకుంట నా బియ్యం డబ్బా మీద దరువేస్తుండు. డబ్బా సొట్టలు పడ్డది. వాడకట్టంత మా ఇంట్లనే జమైతుండ్రు. డబ్బాతోని ఇంటె మస్తుంటది కొడుకా. వట్టిగ ఇంటె..." రాజక్క కాస్త నసిగింది. "వట్టిగ ఇంటె ఆగకుంట తిరిగే పిండిగిర్ని లెక్కుంటది."

సరోజ ఇక మాటలు వెతుక్కోలేదు. బీరువా తలుపు తీసింది. క్యాసెట్లు జలజలా రాలి శ్రేయస్ కాళ్ల మీద పడ్డాయి. రాజక్క వంగి ఒకటి ఏరుకుంది.

"గివన్నీ వాపసొచ్చినయా?" అన్నాడు శ్రేయస్.

"వచ్చినయి."

"మంచిగుందన్నవ్ గదా!"

"నువ్వు మంచిగనే పాడినవ్ బిడ్డా. ఆ మిషనే నీ కోసం ఆగుతలేదు."

శ్రేయస్ అట్ట మీది నల్లకళ్లద్దాలను కాసేపు చూశాడు. సంచి కింద పెట్టాడు.

"పెద్దమ్మా, దత్తును రమ్మను."

"నేనెందుకు రమ్మంట? పెండ్లిపిలగాని లెక్క అలిగి కూసున్నడు. బొట్టు పెట్టి పిలిస్తెనే వస్తడట."

సరోజ నవ్వు ఆపుకుంటూ కుంకుమభరిణె తీసింది. రాజక్కకు బొట్టు పెట్టి, రవికెగుడ్డ చేతిలో పెట్టింది. "ఇగో, తల్లిని నేను పిలిచిన. కొడుకును నువ్వు పిలువుపో," అని భరిణె శ్రేయస్‌కు అందించింది.

సాయంత్రం దత్తు వచ్చాడు. నుదుటి మీద చారెడు కుంకుమ, చంకలో సొట్టల డబ్బా. వస్తూనే కీబోర్డు వైపు వేలు చూపించాడు. "అది ఉంటె నేనుండ."

కీబోర్డు వాయించే అమిత్ దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు. సరోజ గల్లా మీది స్టిక్కర్ల ప్యాకెట్ చించి, అన్నిటికన్నా పెద్ద ఎర్ర బొట్టుబిళ్లను ఆ తాళం బటన్ మీద అతికించింది.

"అమిత్ తక్కినయి వాయిస్తడు. దీన్ని మాత్రం ఎవ్వలు ముట్టొద్దు."

వెనకగదిలో పాట మొదలైంది. చరణం చివర దత్తు చేయి గాలిలో ఆపి, కనుబొమలెత్తి శ్రేయస్ కోసం చూశాడు. శ్రేయస్ నిండుగా ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు పడింది దెబ్బ.

ముందు గదిలో, క్యాసెట్ మార్చుకోవడానికి వచ్చిన గంగవ్వ కాలు ఆడించడం మొదలుపెట్టింది.

"గిది గా క్యాసెట్ల పాటేనా?"

"గదే పాట."

గంగవ్వ క్యాసెట్‌ను మళ్లీ సంచిలో వేసుకుంది. "అయితె ఉంచుకుంట."

సరోజ ఒక్క క్షణం ఆలోచించింది. ఈసారి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఉంచుకో గంగవ్వా. ఇంట్ల బియ్యం డబ్బా ఉన్నదా మరి?"