గాజు మాస్కు ఉన్నంత మేర

సముద్రపు ఒడ్డు పట్నం సొగ్విపో బజారులో సౌందర్య సామగ్రి కొట్టు నడిపే బూ మేడమ్, దన్‌బిని ఏ తరగతి దాకా చదివావని అడగలేదు. దన్‌బికి ఆవిడ మీద గురి కుదరడానికి ఆ ఒక్కటీ చాలింది. ఇంతవరకూ పని కోసం వెళ్లిన ప్రతిచోటా ముందు ఆ ప్రశ్నే వచ్చేది. హైస్కూలు మధ్యలో మానేశానని చెప్పేసరికి చెవులు ఎర్రబడేవి, ఆ తర్వాత వాళ్లు అడిగినవేవీ వినపడేవి కావు.

మేడమ్ వేరే పరీక్ష పెట్టింది.

"మాటలు ఎవరైనా బట్టీ పడతారమ్మా. నాకొక మొహం కావాలి. మీ అత్తగారు నత్తగుల్లల కోసం సముద్రంలో మునిగే మనిషే కదూ? నలభయ్యేళ్ల ఉప్పు పట్టిన మొహం. పదిహేను రోజులు టోనరూ సీరమూ వాడించు. తేడా కనబడిందా, కౌంటర్ నీదే."

దన్‌బి పది నెలల పాపను వీపుకు కట్టుకుని, రెండు సీసాలనూ అంతకంటే భద్రంగా గుండెకు హత్తుకుని ఇంటికొచ్చింది. వాకిట్లో అత్తగారు ఓక్‌సిల్ నత్తగుల్లలు ఒలుస్తోంది.

"ముందు ఇది, అత్తమ్మా. టోనర్. మొహం కడగ్గానే అరచేతిలో వంపుకుని అద్దుకోవాలి. చర్మం తడిసి మెత్తబడుతుంది. ఆ తడి ఆరకముందే ఈ సీరమ్ రెండు చుక్కలు. అసలు పని చేసేది ఇదే. కానీ ఎండిన చర్మం మీద వేస్తే లోపలికి పోదు, పైనే కూర్చుంటుంది."

"మీ చిన్నత్త వచ్చినప్పుడు కదలకుండా కూర్చున్నట్టా?"

"నవ్వకండి అత్తమ్మా, నా ఉద్యోగం దీని మీదే ఉంది."

ఓక్‌సిల్ చేతులు తుడుచుకుని టోనర్ మూత తీసి వాసన చూసింది. ఆవిడ మొహం విప్పారింది.

"ఓసినీ, మాచిపత్రి! ఇంతసేపూ ఏదో మహా మందనుకున్నాను. దీని సంగతి నువ్వు నాకు చెప్పేదేంటే! నీళ్లలో దిగిన రోజు నుంచీ వాడుతున్నదే."

దన్‌బి పొంగిపోయింది. సముద్రం లేని దేజన్ నుంచి కోడలిగా వచ్చి రెండేళ్లే అయింది. ఎందుకు వాడుతున్నారని అడగాలని ఆమెకు తట్టనే లేదు.

అత్తగారు చీకటితోనే ఒడ్డుకు వెళ్లిపోయేది. సాయంత్రం గడపలో అడుగు పెట్టీ పెట్టకముందే దన్‌బి ఎదురొచ్చేది. "పూశారా?" "పూశానే తల్లీ!" "రెండూనా?" "ఒకటి ముందు, ఒకటి తర్వాత. చాలా?" దన్‌బి సీసాలు వెలుతురుకు ఎత్తి చూసుకునేది. టోనర్ గబగబా తరుగుతోందని కాసేపు సంబరం, మరీ ఇంత గబగబానా అని కాసేపు దిగులు. అత్తగారి మొహాన్ని దీపం కింద చూద్దామంటే, ఆవిడ అన్నం తినగానే గోడ వైపు తిరిగి గుర్రు పెట్టేది.

పదిహేనో రోజు బూ మేడమ్ కబురు చేయకుండా తిన్నగా ఒడ్డుకే వచ్చేసింది. దన్‌బి పాపను ఎగదోసుకుంటూ వెనక పరిగెత్తింది. రాళ్ల గోడ చాటున నెగడు చుట్టూ మునిగే ఆడవాళ్లు ఆరుగురు చలి కాచుకుంటున్నారు. మేడమ్ ఓక్‌సిల్ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"ఇదేంటి పెద్దమ్మా? పాత గోడకి కొత్త కిటికీ పెట్టినట్టుందే!"

నిజమే. కనుబొమల పైనుంచి ముక్కు కింద దాకా, మునిగేటప్పుడు కళ్లకీ ముక్కుకీ బిగించే గాజు మాస్కు ఆనేంత మేర, చర్మం నున్నగా మెరుస్తోంది. ఆ గీత దాటితే ఎప్పటి బీటలే. పైగా బీటల మీద జిగురు, జిగురు మీద ఇసుక, గడ్డం కింద సముద్రపు నాచు ముక్క ఒకటి.

"అత్తమ్మా! టోనర్ ఎక్కడ పూశారు?" దన్‌బి గొంతు పీలగా వచ్చింది.

"ఎక్కడేంటే? గాజుకి. మాచిపత్రి ఉండేదే అందుకు. రుద్దితే ఆవిరి పట్టదు."

"మేం ఆకు నలిపి రుద్దుకుని చస్తున్నాం, ఈవిడకి సీసాలో వచ్చిందే!" అంది పక్కనున్న ముసలామె.

"ఆకైతే రుద్ది కడిగేస్తాం. అంత ఖరీదైన నీళ్లు కడగబుద్ధవుతుందా? నిండా పోసి అలాగే మొహానికి బిగించేదాన్ని. పైకొచ్చాక ఆ జిగురు మందు మొహమంతా పూసేదాన్ని. నువ్వు చెప్పిన వరస తప్పలేదు, ఒట్టు!"

నెగడు చుట్టూ నవ్వులు పగిలాయి. దన్‌బికి చెవులు ఎర్రబడ్డాయి. అయిపోయింది, కౌంటర్ పోయింది. అంతలో పాప చెయ్యి చాపి నాయనమ్మ గడ్డం కింది నాచు పీకింది. అది జిగురుతో సహా సాగుతూ ఊడింది. దన్‌బి ఆ జిగురు వైపు చూసింది. మళ్లీ నున్నటి చోటు చూసింది.

"మేడమ్, ఆగండి! సీరమ్ మొహమంతటికీ ఒకటే. మాస్కు లోపల టోనర్ తడి ఉంది, అక్కడ చర్మం తాగేసింది. బయట తడి లేదు, అక్కడ పైనే ఉండిపోయింది. ఇసుక కూడా దానికే అంటుకుంది. గీతకి రెండు పక్కలా ఒకే మొహం మేడమ్, ఇంకేం కావాలి?"

బట్టీ పట్టిన మాట ఒక్కటీ అందులో లేదు. బూ మేడమ్ గీత మీద వేలు నడిపింది, లోపలికి, బయటికి.

"రేపు తొమ్మిదింటికి రా," అంది. "పాపని కూడా తీసుకురా. సరుకు బాగానే పరీక్షిస్తోంది."

మర్నాడు తొమ్మిదింటికి షట్టర్ ఎత్తేసరికి, ఆరుగురూ మునిగే దుస్తుల్లోనే నీళ్లు కారుతూ నిలబడి ఉన్నారు. ముందు ఓక్‌సిల్.

"గాజుకి పూసే నీళ్లియ్యవే పిల్లా. తొందరగా, సముద్రం నీరు వెనక్కి తీసే వేళైంది, మళ్లీ దిగాలి."

దన్‌బి గట్టిగా ఊపిరి పీల్చుకుని, సీసాలు రెండేసి చొప్పున బల్ల మీద పెట్టింది.

"ముందు మొహానికి, అత్తమ్మా. మిగిలితే గాజుకి."